జెండర్ స్ట్రాటజీ రాయమన్నారు, నేను ఫైనాన్స్ మాన్యువల్ దగ్గర తేలాను

హైదరాబాద్‌లో ఒక అంతర్జాతీయ అభివృద్ధి సంస్థ ఆఫీసుంది, పేరు చెప్పను, అడగొద్దు. 2021 చివర్లో వాళ్ల దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. మేడమ్, మాకు జెండర్ ఈక్వాలిటీ స్ట్రాటజీ ఒకటి రాసిపెట్టాలి, హెడ్ ఆఫీస్ నుంచి మెయిల్ వచ్చింది, ఆరు నెలల్లో అయిపోవాలి అన్నారు. శుభలేఖ మేటర్ రాసిపెట్టమన్నట్టు ఎంత తేలిగ్గా అన్నారో, నేనూ అంతే తేలిగ్గా సరే అనేశా. టర్మ్స్ ఆఫ్ రిఫరెన్స్‌లో, అంటే ఏం పని చెయ్యాలో రాసిచ్చే కాగితంలో, ఏముందంటే నలభై పేజీల డాక్యుమెంటు, రెండు రోజుల వర్క్‌షాప్, చివర్లో లాంచ్. లాంచ్‌కి బ్యానర్ సైజు కూడా రాశారు, ఫీల్డ్‌కి ఎన్ని రోజులు వెళ్లాలో మాత్రం రాయలేదు.

మా లైన్లో కన్సల్టెంట్ అంటే రిపోర్ట్ ఇచ్చి, ఇన్వాయిస్ పంపి, ఆ తర్వాత ఆ కాగితం బతికిందో చచ్చిందో తెలియకుండానే ఇంకో ఆఫీసు మెట్లెక్కేవాళ్లం. ఈ ఒక్క దాంట్లో మాత్రం నేను 2024 దాకా రివ్యూలకి వెళ్తూ వచ్చా, కాబట్టి రాసినదాంట్లో ఏది నిలబడిందో ఏది గాలికి పోయిందో కళ్లారా చూశా. అందుకే ఇది రాస్తున్నా. ఈ పని చేసే మనవాళ్లు చాలామందే ఉన్నారు, డ్వాక్రా రోజుల నుంచి జెండర్ ట్రైనింగులు ఇచ్చినవాళ్లకి ఈ కథలో కొత్తేం ఉండదు, కొత్తగా వచ్చినవాళ్లకి మాత్రం కాస్త పనికొస్తుందేమో.

ఆఫీసు చిన్నదే, నలభై మందిలోపు. సగం మంది హైదరాబాద్‌లో, మిగతావాళ్లు అనంతపురం, కదిరి, నారాయణపేట వైపు. నీళ్లు, వ్యవసాయం, యువతకి స్కిల్ ట్రైనింగ్, ఇవీ పనులు, అదీ సొంతంగా చేసేది తక్కువ, లోకల్ ఎన్జీఓలకి గ్రాంట్ ఇచ్చి చేయించేది ఎక్కువ. డబ్బు యూరప్ నుంచి వస్తుంది. ఆ రోజుల్లో దాతల దేశాలన్నిట్లో ఇదే గాలి. స్వీడన్ 2014లో ఫెమినిస్ట్ విదేశాంగ విధానం అని ప్రకటించింది, కెనడా 2017లో తన సహాయ విధానానికి ఫెమినిస్ట్ అనే పేరే పెట్టేసి, 2021-22 కల్లా ద్వైపాక్షిక సాయంలో 95 శాతం ఏదో ఒక రకంగా జెండర్ సమానత్వాన్ని పట్టించుకోవాలి, 15 శాతం అచ్చంగా దానికోసమే ఉండాలి అని లెక్క పెట్టుకుంది. (స్వీడన్ 2022లో ప్రభుత్వం మారగానే ఆ పేరు తీసేసింది, గాలి అంటే అంతే మరి.) అంటే నాకొచ్చిన ఫోన్ వెనక ప్రేమేం లేదు, తర్వాతి గ్రాంట్ ఉంది. అందులో తప్పేం లేదు, ఆ భయమే లేకపోతే అసలు ఫోనే వచ్చేది కాదు.

నేను ఒక్కటే అడిగా, రాయడం మొదలుపెట్టే ముందు ఆరు వారాలు చూడనివ్వండి అని. ప్రాజెక్ట్ డాక్యుమెంట్లు ఇస్తామన్నారు, హెచ్ఆర్ ఫైళ్లు కొంచెం నసిగి ఇచ్చారు. ట్రావెల్ క్లెయిములు కూడా కావాలి అనేసరికి ఫైనాన్స్ మేనేజర్ గారు కళ్లజోడు తీసి మరీ చూశారు, జెండర్‌కీ టీఏ బిల్లులకీ ఏంటమ్మా సంబంధం అని.

ముందు ప్రాజెక్టుల సంగతి. దాతల లెక్కల్లో ఓఈసీడీ డీఏసీ (సాయం ఇచ్చే దేశాల కమిటీ) వాళ్ల జెండర్ మార్కర్ అని ఒకటి ఉంటుంది, 0, 1, 2. 2 అంటే ఆ ప్రాజెక్ట్ పుట్టిందే జెండర్ సమానత్వం కోసం, ఆ లక్ష్యం లేకపోతే ప్రాజెక్టే లేదు. 1 అంటే ముఖ్య ఉద్దేశం వేరే, నీళ్లో పంటో ఏదో, కానీ దాంతోపాటు జెండర్ కూడా తెలిసి, కావాలని పెట్టుకున్న లక్ష్యం. 0 అంటే పరిశీలించాం, అలాంటి లక్ష్యం లేదు అని. గడి ఖాళీగా వదిలేస్తే అసలు పరిశీలించనే లేదని అర్థం. 0 పడితే ఫెయిలైనట్టు ఫీలవుతారు అందరూ, నిజానికి నిజాయితీగా వేసిన 0 ఎంతో నయం, ఎందుకంటే 1 వెయ్యాలంటే ముందు జెండర్ విశ్లేషణ చేసుండాలి, పైకి కనిపించేలా రాసిన లక్ష్యం ఒక్కటైనా ఉండాలి, దానికో సూచిక ఉండాలి, డేటా ఆడా మగా విడివిడిగా తియ్యాలి, దాన్ని చివరిదాకా ట్రాక్ చెయ్యాలి.

మా దగ్గర తొమ్మిది ప్రాజెక్టుల్లో ఏడింటికి 1, ఒకదానికి 2 వేసి ఉంది. ప్రోగ్రామ్ మేనేజర్, నేను రెండు రోజులు కూర్చుని ఒక్కోటీ తెరిచి చదివాం. ఐదు డాక్యుమెంట్లలో ఒకటే వాక్యం, ఈ కార్యక్రమం ద్వారా మహిళలు, యువత, ఇతర బలహీన వర్గాలు కూడా లబ్ధి పొందుతారు అని, బెనిఫిషియరీస్ స్పెల్లింగ్‌లో ఒక ఐ ఎగిరిపోయి ఉంది, ఐదింట్లోనూ అదే ఐ ఎగిరిపోయి ఉంది. ఆయన తల పట్టుకుని నవ్వాడు, మొదటిది తనే రాశాడట. 2 వేసిన ప్రాజెక్ట్ ఏంటంటే అమ్మాయిలకి కుట్టు, బ్యూటీషియన్ ట్రైనింగ్. అందరూ అమ్మాయిలే కదా అందుకే 2 అన్నారు. ఆడవాళ్లు ఉంటే జెండర్, లేకపోతే లేదు అన్న ఈ లెక్క ఎంత లోతుగా దిగిపోయిందంటే నేను ఎన్ని ట్రైనింగులు ఇచ్చినా మళ్లీ ఇక్కడికే వచ్చి ఆగుతారు. కుట్టు మిషన్ నేర్పిస్తే తప్పని కాదు, ఆ పిల్ల సంపాదించినదాని మీద ఆమెకి ఎంత హక్కుంది, ఎలక్ట్రీషియన్ బ్యాచ్‌లోకి అమ్మాయిల్ని అసలు పిలిచారా, ఇలాంటివేవీ ఆ కాగితంలో ఎక్కడా లేవు. చివరికి 1 నిలబడింది రెండు ప్రాజెక్టులకి. మిగతావన్నీ 0, ఆ 2తో సహా. ఆఫీస్ హెడ్ మొహం మాడిపోయింది కానీ ఆయన్ని మెచ్చుకోవాలి, ఆ మార్కులే హెడ్ ఆఫీసుకి పంపించాడు.

ఇక ట్రావెల్ క్లెయిములు. నాకు పెద్ద మేధోశక్తేం లేదు, ఇదివరకు ఇంకోచోట కాకతాళీయంగా తెలిసిన కిటుకు ఇది. ఒక ఏడాది బిల్లులు ముందేసుకుని ఎవరు ఎక్కడికెళ్లారు, ఎక్కడ రాత్రి ఆగారు, ఎంత క్లెయిమ్ చేశారు అని రాసుకుంటూ పోయా. మగ ఫీల్డ్ స్టాఫ్‌కి నెలకి నాలుగైదు నైట్ హాల్టులు. ఆడవాళ్లకి దాదాపు లేవు. పెట్రోల్ క్లెయిములు మగవాళ్లవే. ఆడవాళ్లవి బస్ టికెట్లు, అదీ సగం రోజులే.

కదిరి వైపు పనిచేసే ఒక ఫీల్డ్ కోఆర్డినేటర్‌ని అడిగా ఏంటమ్మా ఇది అని. ఆఫీసు ఫీల్డ్ కోసం బండ్లు కొనిచ్చింది, అన్నీ గేర్ బైకులే. ఈ అమ్మాయికి స్కూటీ వచ్చు, సొంతది ఉంది కూడా, కానీ రూల్ ప్రకారం పెట్రోల్ డబ్బులు ఆఫీస్ బండికే ఇస్తారు. సో బస్సులో మండలం దాకా, అక్కణ్ణుంచి షేర్ ఆటో. ఆటోవాడు బిల్లు ఇవ్వడు, బిల్లు లేకపోతే క్లెయిమ్ లేదు, అంటే రోజూ జేబులోంచే. తర్వాత ఆమె చెప్పింది అలాగే రాస్తున్నా: "పొద్దున ఇంట్లో కాఫీ తాగి బయల్దేరితే మళ్లీ నీళ్లు తాగేది సాయంత్రం బస్టాండుకొచ్చినాకనే మేడమ్. ఊళ్లో బాత్రూమ్ ఎవరింట్లో అడగాల? మీటింగ్ మధ్యలో లేచి ఎట్లా పోవాల?" బ్యాగులో లీటర్ బాటిల్ ఉంది, తీసి చూపించింది, మధ్యాహ్నం మూడైంది, మూత సీల్ కూడా తియ్యలేదు. ఎండాకాలంలో రెండుసార్లు యూరిన్ ఇన్ఫెక్షన్ వచ్చి సెలవు పెట్టిందట, హెచ్ఆర్ ఫైల్లో చూస్తే రెండుసార్లూ జ్వరం అని ఉంది.

దీని కొస ఎక్కడ తేలిందో చూడండి. రాత్రి ఆగే మగ స్టాఫ్ సాయంత్రం ఊళ్లో సర్పంచ్‌తో, పెద్దమనుషులతో అరుగు మీద కూర్చుంటారు, ఊరి రాజకీయం అంతా అక్కడే తెలుస్తుంది. ఆడవాళ్లు ఐదింటి బస్సు పట్టుకోవాలి. ఏడాది చివర అప్రైజల్లో వీళ్లకి ఫీల్డ్ ప్రెజెన్స్ తక్కువ, కమ్యూనిటీతో సంబంధాలు ఇంకా పెంచుకోవాలి అని రాస్తారు. సీనియర్ పోస్టులకి ఆడవాళ్లు దొరకట్లేదండీ, మేము రెడీనే, అప్లికేషన్లే రావట్లేదు అని ఆఫీస్ హెడ్ నాతో మొదటి రోజే నిజంగా బాధపడుతూ అన్నాడు. గేర్ బైకు దగ్గర మొదలై ఆ మాట దాకా దారి తిన్నగా ఉంది, మధ్యలో చెడ్డవాడు అంటూ ఎవడూ లేడు.

జెండర్ ఫోకల్ పాయింట్ అని, ఆఫీసులో జెండర్ సంగతులు చూసుకునే పోస్టొకటి ఉంటుంది కదా, ఇక్కడ అది ఆఫీసులో అందరికన్నా చిన్న అమ్మాయి, చేరి ఎనిమిది నెలలు, కమ్యూనికేషన్స్ పని. ఆడపిల్ల కాబట్టి ఇచ్చేశారు. జాబ్ డిస్క్రిప్షన్లో ఆ ముక్కే లేదు, మార్చి 8న కేకు తెప్పించడం, ఊదా రంగు చీరలు కట్టుకుని రమ్మని మెయిల్ పెట్టడం, అదీ డ్యూటీ. ఐక్యరాజ్య సమితి సంస్థలకి 2012 నుంచి యూఎన్ స్వాప్ అని ఒక జవాబుదారీ పద్ధతి ఉంది, దాన్లో ఫోకల్ పాయింట్ పీ4 స్థాయికి (అనుభవమున్న అధికారుల గ్రేడు) తక్కువ కాకూడదు, రాతపూర్వకంగా బాధ్యతలుండాలి, పని టైమ్‌లో కనీసం 20 శాతం దీనికే కేటాయించాలి అని స్పష్టంగా ఉంది. మనది ఐరాస ఆఫీసు కాదు, అయినా ఆ మూడు ముక్కలూ ఎత్తుకొచ్చి పెట్టేశా. కొత్త ఫోకల్ పాయింట్ ఎవరయ్యారంటే నీళ్ల ప్రోగ్రామ్ హెడ్, యాభై దాటిన ఇంజనీరు సారు, మొదట్లో ఆయన మొహం చూడాలి.

పోష్ కమిటీ, అంటే ఆఫీసులో లైంగిక వేధింపుల ఫిర్యాదులు చూసే కమిటీ, గురించి త్వరగా చెప్పేస్తా. 2013 చట్టం ప్రకారం పది మంది, అంతకన్నా ఎక్కువ ఉంటే అంతర్గత కమిటీ ఉండాలి, ఉంది, బోర్డు కూడా ఉంది, వాటర్ డిస్పెన్సర్ వెనక. బోర్డు మీదున్న బయటి సభ్యురాలు ఊరు మారిపోయి చాలా కాలమైంది. ట్రైనింగ్ లిస్టులో హౌస్‌కీపింగ్ వాళ్లు లేరు, వాళ్లు ఏజెన్సీ స్టాఫ్ కదా అన్నారు. చట్టంలో ఏజెంట్ ద్వారా వచ్చిన కాంట్రాక్ట్ వర్కరు కూడా ఉద్యోగే. తర్వాతి ట్రైనింగ్‌కి ఆ అక్కని పిలిస్తే చేతిలో గుడ్డతో తలుపు దగ్గరే నిలబడింది, కుర్చీలో కూర్చోమంటే, టేబుల్ తుడవడానికి పిలిచారనుకున్నా మేడమ్ అంది.

ఇప్పుడు ఫారం కథ, నాకు అన్నిటికన్నా ఎక్కువ నేర్పింది ఇదే. ఒక పార్ట్‌నర్ ఎన్జీఓ డ్రిప్ రైతులకి మెయింటెనెన్స్ ట్రైనింగ్ ఇస్తోంది, వేరుశనగ, టమాటా వేసే ఊళ్లు. వేపచెట్టు కింద మీటింగ్, ముందు వరసలో మగ రైతులు, వెనక చెట్టు మొదట్లో నలుగురైదుగురు ఆడవాళ్లు, పిలిచి కాదు, నీళ్లు టీలు ఇవ్వడానికి వచ్చి ఆగిపోయినవాళ్లు. ట్రైనర్ అడిగాడు, ఫిల్టర్ ఎన్నాళ్లకోసారి కడుగుతారు అని. ముందు వరస నిశ్శబ్దం. ఒకాయన పదిహేను రోజులకి అన్నాడు, ఇంకొకాయన నెలకి అన్నాడు. వెనకనుంచి ఒకావిడ, "మూడు దినాలకోసారి సార్, పాత పళ్ల బ్రష్షు పెట్టి తోముతా, లేకుంటే జాలీకి పాకర పట్టి లైను చివర మొక్కకి నీళ్లు ఎక్కవు" అంది. ట్రైనర్ బాగా చెప్పావమ్మా అన్నాడు, మళ్లీ ముందు వరస వైపు తిరిగి పాఠం మొదలెట్టాడు. అటెండెన్స్ షీట్ తిరిగినప్పుడు ఆమె దాకా రాలేదు, ఎందుకంటే షీట్‌లో రెండో గడి పట్టాదారు పాస్‌బుక్ నంబరు.

ఆ గడి ఎవరో కుట్రతో పెట్టింది కాదు, సబ్సిడీ దరఖాస్తులో అదే ఉంటుంది, అక్కణ్ణుంచి కాపీ అయింది. కానీ 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశం మొత్తం మీద ఆడవాళ్లు నిర్వహిస్తున్న కమతాలు దాదాపు 14 శాతమే. మన దగ్గర మరీ విచిత్రం, ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లోనే ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా హక్కు ఇస్తూ చట్టం తెచ్చింది, దేశమంతటికీ అది రావడానికి 2005 దాకా పట్టింది, అంటే మనం దాదాపు ఇరవై ఏళ్లు ముందున్నాం, అయినా పసుపు కుంకుమ కింద ఇచ్చేశాం కదమ్మా అని ఒక మాట, రిజిస్ట్రార్ ఆఫీసులో ఒక సంతకం, అయిపోతుంది. దాన్ని మా స్ట్రాటజీ మార్చలేదు, మారుస్తుందని రాయనూ లేదు. మేము మార్చగలిగింది మా ఫారం. పాస్‌బుక్ గడి అలాగే ఉంచి, దాని కింద రోజూ ఆ పొలంలో పనిచేసే ఇంకొకరి పేరు, ఫోన్ నంబరు, సంతకం అని ఇంకో గడి పెట్టాం, ట్రైనింగ్‌కి ఇద్దరూ రావాలి.

మొదటి డ్రాఫ్ట్ 46 పేజీలు వచ్చింది. విజన్, థియరీ ఆఫ్ చేంజ్, ఐదు స్తంభాలు, బాణాలతో బొమ్మ, అన్నీ ఉన్నాయి, నాకే ముచ్చటేసింది. అందరికీ పంపా. మంచి మంచి కామెంట్లు వచ్చాయి, అంటే ఎవరూ చదవలేదని అర్థం. ఒక్క ఫైనాన్స్ మేనేజర్ గారే ప్రింట్ తీసి, పెన్సిల్‌తో గీతలు పెట్టుకుని వచ్చి కూర్చున్నారు. "అమ్మా, అంతా బాగుంది. సోమవారం పొద్దున నేను ఆఫీసుకొచ్చి దీనివల్ల ఏం మార్చాలి? అది ఏ పేజీలో ఉంది?" అన్నారు. నేను పేజీలు తిప్పా. తిప్పుతూనే ఉన్నా. లేదు.

ఆ పూట నాకు కాస్త అవమానంగానే అనిపించింది, ఇంటికెళ్లి అన్నం కూడా సరిగ్గా తినలేదు. తర్వాత వారం మేమిద్దరం ఆ 46 పేజీలు పట్టుకుని, ఏ లైను అయితే ఏదో ఒక మాన్యువల్లోనో, ఫారంలోనో, బడ్జెట్ షీట్‌లోనో ఫలానా చోట మార్పుగా మారుతుందో అది ఉంచి, మారనిది కొట్టేస్తూ పోయాం. తొమ్మిది పేజీలు మిగిలాయి. ప్రతి మార్పుకీ ఒక మనిషి, ఒక తేదీ, ఏ డాక్యుమెంట్ ఏ క్లాజు. సొంత స్కూటర్‌కి కిలోమీటర్ల లెక్కన డబ్బులు, ట్రావెల్ పాలసీలో. బిల్లు లేని ఆటోకి స్వీయ ధృవీకరణ వోచర్, ఫైనాన్స్ మాన్యువల్లో. ఫీల్డ్ ప్లాన్ ఆమోదించే ముందు టాయిలెట్ ఏర్పాటు ఎక్కడ అన్న గడి నింపాలి, అది ఖాళీగా ఉంటే ప్లాన్ వెనక్కి.

అన్నిటికన్నా పెద్ద గొడవ పిల్లల్ని చూసుకునే ఖర్చు మీద. ట్రైనింగులకి చంటిపిల్లల తల్లులు రాలేరు, వచ్చినా మధ్యలో లేచిపోతారు. 2019 టైమ్ యూజ్ సర్వేలో జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకి సగటున 299 నిమిషాలు దానికి పెడుతున్నారు, చేసే మగవాళ్లు 97 నిమిషాలు, చేసే మగవాళ్లు అన్న మాట గమనించాలి, ఎందుకంటే ఆ పని అసలు ముట్టుకునే మగవాళ్లే 26 శాతం. సో ట్రైనింగ్ దగ్గర పిల్లల్ని చూసుకోవడానికి ఒక మనిషిని పెట్టి కూలీ ఇద్దాం అన్నా. పార్ట్‌నర్లు ఎగిరి గంతేశారు, ఇన్నాళ్లూ దాన్ని స్టేషనరీలో కలిపి చూపిస్తున్నాం మేడమ్ అని ఒకాయన నోరు జారాడు కూడా. మన మేనేజర్ గారు ఆడిటర్ ఒప్పుకోడు అన్నారు. అప్పుడు ఉపాధి హామీ చట్టం తీసి చూపించా, ఆరేళ్లలోపు పిల్లలు ఐదుగురు, అంతకన్నా ఎక్కువ ఉంటే పని జరిగేచోట వాళ్లని చూసుకోవడానికి ఒకామెని పెట్టాలి, ఆమెకీ కూలీ ఇవ్వాలి అని 2005 చట్టంలోనే ఉంది, ప్రభుత్వమే ఒప్పుకున్న ఖర్చు ఇది అని. ఆయన రెండు రోజులు ఆలోచించి, గ్రాంట్ బడ్జెట్ టెంప్లేట్‌లో శిక్షణ ఖర్చుల కింద ఒక వరస చేర్చారు, దానికి ప్రత్యేకంగా కోడ్ ఇచ్చారు. కోడ్ ఉందంటే ఆ ఖర్చుకి ఆధార్ కార్డు వచ్చినట్టేనమ్మా అన్నారు. ఆయనకి జెండర్ ట్రైనింగ్ ఎవరూ ఇవ్వలేదు.

వర్క్‌షాప్‌లో నాకు ఇంకో దెబ్బ తగిలింది, ఇది పూర్తిగా నా తప్పే. విజన్ పేరాలో నేను మహిళలు గడప దాటి నిర్ణయాల్లోకి రావాలి అని రాశా, చదవడానికి బాగుంటుంది కదా. దళిత కుటుంబం నుంచి వచ్చిన ఒక ఫీల్డ్ కొలీగ్ చెయ్యెత్తి, మేడమ్ మా అమ్మ, మా అమ్మమ్మ ఎప్పుడూ గడప బయటే ఉన్నారు, కూలికి పోకపోతే పొయ్యి వెలగదు, ఈ వాక్యం మా గురించి కాదు, మరి ఎవరి గురించి అంది. హాల్లో ఎవరూ మాట్లాడలేదు. సీనియర్ ఒకాయన, కులం తెస్తే జెండర్ పక్కదారి పడుతుందండీ అన్నాడు. నేను ఆయన్ని అక్కడే ఆపాల్సింది, టీ బ్రేక్ అని చెప్పి తప్పించుకున్నా. ఆ సాయంత్రం ఆమె దగ్గరికెళ్లి కూర్చుని ఆ పేరా ఇద్దరం కలిసి మార్చాం, డేటా తీసేటప్పుడు ఆడా మగాతో పాటు సామాజిక వర్గం, భూమి ఉందా లేదా కూడా తియ్యాలి అన్న క్లాజు అప్పుడే వచ్చింది. భూమి లేనివాళ్లకి పాస్‌బుక్ కింద గడి పెట్టినా ఏం ఒరగదు, అది కూడా ఆమె చెప్తేనే తట్టింది, మా నీళ్ల ప్రాజెక్టుల్లో సగం ఊరికి చోటే లేదు.

తెలుగు అనువాదం సంగతి చెప్పకపోతే ఎలా. ఏజెన్సీకిస్తే జెండర్ మెయిన్‌స్ట్రీమింగ్ అన్న మాటని లింగ ప్రధాన స్రవంతీకరణ అని చేసి పంపారు. ఫీల్డ్ టీమ్ వాట్సాప్‌లో వారం రోజులు అదే జోకు. ఊళ్లల్లో జెండర్ అంటేనే అర్థమవుతుంది, డ్వాక్రా సంఘాల పుణ్యమా అని ఆ మాట ఎప్పుడో తెలుగైపోయింది. నేను దాన్ని పక్కన పడేసి నాలుగు పేజీల్లో మళ్లీ రాశా, స్రవంతీకరణ ఉన్నచోటల్లా ప్రతి పనిలోనూ ఇది ఆడవాళ్లకెలా, మగవాళ్లకెలా అని అడిగి చూడటం అని పెట్టా. పొడుగైంది, అయినా చదివారు.

బెడిసికొట్టినవి కూడా చెప్పాలి. ప్రతి మీటింగులో 50 శాతం ఆడవాళ్లు అని టార్గెట్ పెట్టా, హెడ్ ఆఫీస్ అడిగితే కాదనలేక. ఆరు నెలల్లో అన్ని ఊళ్లూ 50 దాటేశాయి. నారాయణపేట వైపు ఒక మీటింగ్‌కి చెప్పకుండా వెళ్లి చూస్తే సంఘం ఆడవాళ్లని పిలిచి, టీ బిస్కెట్ ఇచ్చి, సంతకాలు పెట్టించుకుని పంపేస్తున్నారు, అసలు మీటింగ్ ఆ తర్వాత మొదలవుతుంది. ఒకావిడ, ఈ నెలలో ఇది నాలుగో సంతకం అమ్మా, ఏమన్నా వస్తదా అని అడిగింది. టార్గెట్ తీసేశాం, దాని బదులు మీటింగ్ మినిట్స్‌లో ఆడవాళ్లు అడిగినవి ఏంటి, వాటిల్లో ఎన్ని ప్లాన్‌లోకి వచ్చాయి అని రాయమన్నాం, ఇది లెక్కపెట్టడం కష్టం, హెడ్ ఆఫీసుకి ఇప్పటికీ నచ్చదు. ఇంకోటి, మన గొప్ప ఫారంలో కొత్తగా పెట్టిన గడి, చాలా ఇళ్లల్లో అక్కడ కొడుకు పేరు రాశారు, ఆ కొడుకు హైదరాబాద్‌లో బీటెక్ చదువుతున్నాడు. మేము ఇంకొకరి పేరు అన్నాం కదా, వాళ్లు రాసింది తప్పెలా అవుతుంది. తర్వాత ఫిల్టర్ కడిగేవాళ్ల పేరు అని మార్చాం. అప్పుడు సరైన పేర్లు వచ్చాయి.

2024లో నా చివరి రివ్యూ. అప్పటికి ఆఫీస్ హెడ్ మారిపోయాడు, కొత్తాయనకి స్ట్రాటజీ ఉందని కూడా తెలీదు. 2025లో అమెరికా యూఎస్ఎయిడ్‌ని మూసేసింది, యూరప్ దేశాలూ బడ్జెట్లు కోశాయి, ఈ ఆఫీసుకీ కోత పడింది, ముందు పోయింది జెండర్ అడ్వైజర్ రోజులు, అంటే నేనే. వార్షిక లెర్నింగ్ డే పోయింది, ఇంగ్లిష్ న్యూస్‌లెటర్ పోయింది. స్కూటర్ కిలోమీటర్ల రూలు ఉంది, పిల్లల సంరక్షణ కోడ్ ఉంది, టాయిలెట్ గడి ఉంది, వాటిని తియ్యాలంటే మాన్యువల్ సవరించి బోర్డు ఆమోదం తెచ్చుకోవాలి, అంత ఓపిక ఎవరికీ లేదు.

మొన్న ఫైనాన్స్ మేనేజర్ గారు ఫోన్ చేశారు, ఇంకో ఏడాదిలో రిటైర్మెంట్ ఆయనకి. కదిరి టీమ్ నుంచి ఒక వోచర్ వచ్చిందట, ఊళ్లో ఒక ఇంటావిడ బాత్రూమ్ వాడుకోనిస్తోంది, ఆమె డబ్బులు వద్దంటోంది, అందుకని నెలకోసారి ఫినాయిల్ బాటిల్, సబ్బు కొనిస్తున్నాం, బిల్లు ఉంది, దీన్ని ఏ హెడ్‌లో వెయ్యాలి అని. ఆఫీస్ నిర్వహణలో వెయ్యండి సార్ అన్నా. కాదమ్మా, ఫీల్డ్ ట్రావెల్‌లో వేస్తా, అప్పుడైతే వచ్చే ఏడాది బడ్జెట్‌లో దానంతటదే వచ్చేస్తుంది అన్నారు.